కొలతకి నిలబడ్డ మనిషి

బడులు తెరవడానికి ముందు రెండు నెలలూ మా దర్జీలకి ఒంటిమీద తెలివి ఉండదు. ఆ రోజుల్లో నేను ఏం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో మా ఆవిడని అడిగి తెలుసుకోవలసిందే. సరిగ్గా ఆ అదను చూసుకునే నా గుండె మొరాయించింది.

మొరాయించడమంటే ఆగిపోవడం అనుకునేరు. ఆగితే ఈ కథ ఎవరు చెబుతారు? యూనిఫారం గుడ్డ పరిచి కత్తెర పెట్టానో లేదో, ఛాతీలో ఎవరో డబ్బాడు గుండీలు పోసి ఊపినట్టయింది. కళ్ళు తిరిగి గుడ్డ మీదే కూలబడ్డాను. ఆసుపత్రిలో డాక్టరు తీగలు తగిలించి, కాగితం చూసి, దానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పేరు చెప్పాడు. గుండెలో పైగదులు కుదురుగా కొట్టుకోకుండా ఊరికే వణుకుతాయట. కొందరికి వచ్చి పోతూ ఉంటుందట. వణికితే వణికాయిలే అని నేను లేవబోతుంటే ఆయన అసలు సంగతి చెప్పాడు. అలా వణికేచోట రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ తలలోకి పోతే కాలో చెయ్యో పడిపోతుంది.

"ఏ చెయ్యండీ?" అన్నాను.

"అది మనం కోరుకుంటే వచ్చేది కాదు మాస్టారూ."

నా కుడిచేతివంక చూసుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంటిని నిలబెట్టింది ఆ చెయ్యే. నిజం చెప్పొద్దూ, చచ్చేంత భయం వేసింది. రక్తం పలచబరిచే మాత్ర ఒకటి, గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటి రాసిచ్చాడు. రెండూ వేసుకుంటానని ఒట్టేసినంత పనిచేశాను. అప్పుడు మూడోది చెప్పాడు.

"ఈ జబ్బున్నవాళ్ళకి ఫోన్లో క్లాసులు పెడుతున్నాం. ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి. ఎనిమిది వారాలు. మా సిస్టర్ చెబుతుంది. హోంవర్కు ఉంటుంది, వారంవారం చిన్న పరీక్ష కూడా ఉంటుంది."

బుధవారం మూడింటికి! యూనిఫారాల సీజన్లో! ఊరంతా నన్ను మాస్టారూ అంటుంటే ఈ వయసులో నేను హోంవర్కు చెయ్యాలి! వచ్చేదారిలో నేను సణుగుతూనే ఉన్నాను, మా ఆవిడ వింటూనే ఉంది.

మా ఆవిడ సంగతి ఇక్కడే చెప్పాలి. మా కొట్టు కిందా, ఇల్లు మూడో అంతస్తులోనూ. కాజాలు, చేతికుట్టు, గుండీలు అన్నీ ఆవిడ పని. దానికంటే పెద్ద పని ఇంకోటి ఉంది. ట్రయలుకి రమ్మంటే రాని ఖాతాదార్లు బోలెడుమంది ఉంటారు. అలాంటి వాళ్ళ బట్టలు ఆవిడకి తొడిగి, నిలబెట్టి, సరిచూసుకుంటాను. హెడ్మిస్ట్రెస్ కోటుకి ఆవిడే నిలబడింది. పోలీసు ఇన్‌స్పెక్టరు చొక్కాకి నడుంచుట్టూ రెండు దిండ్లు కట్టుకుని నిలబడింది. ఆ ఇన్‌స్పెక్టరు చొక్కా తొడుక్కుని, "నా ఒంటిమీదే కుట్టినట్టుంది మాస్టారూ," అని మురిసిపోయాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. మా కొలతల పుస్తకంలో ఊళ్ళో సగంమంది ఉన్నారు, వాళ్ళలో సగంమందికి నిలబడింది ఆవిడే. ఆవిడ బట్టలంటారా, వాటికి టేపెందుకు? కంటి అంచనాతోనే కోసేస్తాను. అది నా గొప్ప.

ఒక్కటే నాకు కిట్టనిది. కింద ఇంత పని పెట్టుకుని ఆవిడ మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆగిపోతుంది. "అక్కడేం చేస్తున్నావే?" అని కింద నుంచి అరిస్తే, "ఇక్కడావిడతో రెండు మాటలు మాట్లాడి వస్తున్నా," అంటుంది. ఆ రెండు మాటలు ఏనాడూ రెండు నిమిషాల్లో తెమలవు.

మొదటి బుధవారం మిషను మీద ఫోను ఆనించుకుని కూర్చున్నాను. తెరమీద పదిమంది తలకాయలు. మధ్యలో సిస్టర్, చిన్న వయసే గానీ గొంతు మాత్రం గంటలా ఉంది. ఒక మూలగడిలో బస్సు కండక్టరు. ఆయన డ్యూటీలో ఉండే క్లాసు వింటున్నాడు. సిస్టర్ గుండెలో నాలుగు గదులుంటాయని చెబుతుంటే, "ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది!" అని ఆయన కేక. సిస్టర్ ఓపిక మెచ్చుకోవాలి. బొమ్మ వేసి, రక్తం ఎటునుంచి ఎటు పోతుందో చక్కగా వివరించింది. ఎంత చక్కగా అంటే, నాకు చల్లగా నిద్ర పట్టింది. లేచేసరికి తొమ్మిదిమంది నన్నే చూస్తున్నారు.

"మాస్టారూ, గురకకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని వచ్చేవారం చెబుదామనుకున్నాను," అంది సిస్టర్. "మీరు ఈవారమే చూపించేశారు."

పరువు గంగలో కలిసింది. రెండో బుధవారానికి నేనో ఉపాయం పన్నాను. కొట్లో బట్టలు తొడిగి పెట్టే బొమ్మ ఉంది. దానికి నా చొక్కా తొడిగి, మెడలో టేపు వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, మెడవరకే కనబడేలా ఫోను పెట్టి, నేను పక్కన కటింగు చేసుకుంటున్నాను. పావుగంట బ్రహ్మాండంగా గడిచింది.

"మాస్టారు ఇవాళ ఎంత శ్రద్ధగా కూర్చున్నారో చూడండి," అంది సిస్టర్ మిగతావాళ్ళతో. "మాస్టారూ, మొహం కనబడటం లేదు. ఫోను కొంచెం పైకెత్తండి."

అప్పుడే టీ పట్టుకొచ్చిన మా ఆవిడ, అడిగారు కదా పాపమని, ఫోను పైకెత్తింది.

బొమ్మకి తల లేదు.

తర్వాత వినబడింది కండక్టరు గొంతొక్కటే. "అమ్మో! మాస్టారికి జబ్బు బాగా ముదిరిపోయింది!"

ఆ సాయంత్రం మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాట్లాడింది. "మీరు కుట్టుకోండి. క్లాసుకి నేను కూర్చుంటాను. మీ చెయ్యి పడిపోతే నేను చూడలేను."

నేను ఎగిరి గంతేశాను. గుండె జబ్బు కాబట్టి మెల్లిగా వేశాను.

మూడో వారం నుంచి మా ఫోన్లో కెమెరా ఆపేసి ఉండేది. టైలర్ మాస్టారు అన్న పేరుమీద జవాబులు మాత్రం టకటకా టైపై వెళ్ళేవి. మాత్ర ఒకపూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవచ్చా? కూడదు. పళ్ళు పీకించుకునేముందు ఎవరికి చెప్పాలి? పళ్ళ డాక్టరుకి, మన డాక్టరుకి, ఇద్దరికీ. మూతి వంకరపోయినా మాట తడబడినా ఏం చెయ్యాలి? క్షణం ఆగకుండా ఆసుపత్రికి. సిస్టర్ పొగడ్తలతో ముంచెత్తేది. "చూశారా, మొదట్లో నిద్రపోయిన మాస్టారు ఇవాళ అందరికంటే ముందున్నారు!" కండక్టరు అనుమానాలు తీర్చుకోవడానికి నాకు ఫోను చేసేవాడు. నేను ఆవిడకిచ్చేవాణ్ణి. "మా మాస్టారు చెప్పమన్నారండీ," అని మొదలుపెట్టి ఆవిడ అరగంట పాఠం చెప్పేది. పొగడ్త నాకు, పాఠం ఆవిడకి. నాకంతా బాగానే ఉంది. కాకపోతే ఇంట్లో ఉప్పు తగ్గింది, టీ రెండు కప్పులకి దిగింది, రాత్రి పక్కకి తిరిగి పడుకోకపోతే మోచేత్తో ఒక పోటు.

ఇక హోంవర్కు. రోజూ పొద్దున అయిదు నిమిషాలు మాటా పలుకూ లేకుండా కూర్చుని, తర్వాత మణికట్టు పట్టుకుని నిండా నిమిషంపాటు నాడి లెక్కపెట్టాలి. ఎంత ఉందో, సమంగా ఉందో లేదో ఫోన్లో నింపి పంపాలి. మొదటివారం నాలుగు రోజులు ఆవిడ గడియారం పట్టుకుని నా వెంట పడింది. నేను చెయ్యి విదిలించుకున్నాను.

"ఈ చేత్తో నూట ఎనభై నిక్కర్లు కోసి పడెయ్యాలి. ఇది పట్టుకుని కూర్చుంటే నిక్కర్లు నువ్వు కోస్తావా?"

అయిదోరోజు నుంచి ఆవిడ రాలేదు. అంకెలు మాత్రం వెళుతూనే ఉన్నాయి. ఎక్కడినుంచి వెళుతున్నాయో నేను అడగలేదు. ఉతికిన బట్టలు అలమరలోకి ఎలా వస్తాయో ఏనాడన్నా అడిగానా, ఇదడగడానికి?

అయిదోవారం సిస్టర్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నా అంకెలు డాక్టరుగారికి చూపించిందట. వేగం తగ్గడం లేదు, సమంగానూ లేదు, మాత్ర రెట్టింపు చేస్తున్నాం అంది. మా ఆవిడ మొహం పాలిపోయింది. కొత్త మాత్రలు తానే తెచ్చి, తానే నా నోట్లో వేసింది. "మీరు పైకి బాగానే కనబడుతున్నారు, లోపల ఇంత ఉందా?" అని కళ్ళు తుడుచుకుంది. నాకూ లోపల గుబులే. రాత్రి కుడిచేతి వేళ్ళు ముడిచి తెరిచి చూసుకునేవాణ్ణి.

నాలుగు రోజులకి నా పని అయిపోయింది. నిలబడితే కళ్ళకి చీకట్లు. మిషను తొక్కుతూ తొక్కుతూ కునుకు. ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే వేశాను. నా జన్మలో అంతకుముందు అలాంటిది జరగలేదు. ఆ చొక్కా చూడగానే మా ఆవిడ నన్ను ఆటో ఎక్కించింది. కాజాలు మిగిలాయని తాను మాత్రం కొట్లో ఉండిపోయింది. నేనే ఉండమన్నాను, నా బుద్ధి అలాంటిది.

ఆసుపత్రిలో సిస్టర్ని మొదటిసారి ఎదురుగా చూశాను. తీగలు తగిలించి కాగితం తీసింది. చూసింది. మళ్ళీ తీసింది. తన ఫోన్లో ఏదో చూసుకుంది.

"మాస్టారూ, ఇవాళ పొద్దున మీరు పంపింది నూట ఇరవై నాలుగు, సమంగా లేదు అని. ఇక్కడ చూస్తే నలభై ఆరు. గడియారంలా సమంగా ఉంది. అందుకే మీకు కళ్ళు తిరుగుతున్నాయి, మాత్ర ఎక్కువైపోయింది. ఇంట్లో లెక్కపెట్టేది ఎవరు?"

"నేనే."

"ఎలా పెడతారో చూపించండి."

నేను ధీమాగా బొటనవేలు మణికట్టుమీద ఆనించాను.

సిస్టర్ నడుంమీద చేతులు పెట్టుకుంది. "బొటనవేలు పెట్టకూడదని మొదటి క్లాసులో చెప్పాను. రెండో క్లాసులో చెప్పాను. మూడోవారం పరీక్షలో ఆ ప్రశ్నకి మీరే అందరికంటే ముందు జవాబు రాశారు!"

ఇక దాచి లాభం లేదు. క్లాసులు, పరీక్షలు, అంకెలు అన్నీ మా ఆవిడవేనని ఒప్పేసుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సరే, ఆవిడే లెక్కపెట్టారు. ఎవరి చెయ్యి పట్టుకుని?" అంది.

నా చెయ్యి ఆవిడ పట్టుకుని నెల దాటింది. లేని అంకె రాసే మనిషి కాదు, కాజా ఒక్క పోగు పక్కకి పోతే విప్పి మళ్ళీ కుట్టే మనిషి. ట్రయలుకి రమ్మంటే నేను రాలేదు. రాని మనిషికి మా కొట్లో ఎవరు నిలబడతారో నాకు తెలుసు.

"ఆవిణ్ణి తీసుకురండి మాస్టారూ," అంది సిస్టర్. గొంతు మెత్తబడింది. "ఇవాళే తీసుకురండి."

కొట్టుకి వచ్చేసరికి ఆవిడ లేదు. దారపు రీళ్ళు తేవడానికి పైకి వెళ్ళినట్టుంది. రెయిలింగు పట్టుకుని మెల్లిగా మెట్లెక్కాను. రెండో అంతస్తులో, మూసిన తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. తలుపుకి తాళం ఉంది. తాళం మీద దుమ్ము ఉంది. ఆ ఇంట్లోవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళి ఏడాదయిందన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళ సామాను దింపుతుంటే మంచం ఒక కొస పట్టుకున్నది నేనే.

"వచ్చేశారా? ఏమన్నారు?" అంది ఊపిరి కూడదీసుకుంటూ.

"చెయ్యి ఇలా ఇవ్వు."

"మెట్లమీద ఇదేం సరసమండీ?"

"ఇవ్వమంటుంటే!"

ఇచ్చింది. బొటనవేలు పెట్టాను.

"అది కాదు. దానికి వేరే నాడి ఉంటుంది. ఈ రెండు వేళ్ళు పెట్టండి. గట్టిగా నొక్కకండి. ఇక్కడ, బొటనవేలి వైపు." తానే నా వేళ్ళు పట్టుకుని సరైన చోట పెట్టింది. "నిండా నిమిషం. మాట్లాడకూడదు."

లెక్కపెట్టాను. మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. బెల్టు వదులైన మిషనులా ఉంది అది. గబగబా నాలుగు కుట్లు, ఒక ఖాళీ, మళ్ళీ ఒకదానిమీద ఒకటి రెండు. నూట పద్దెనిమిది దాకా వచ్చి, ఇక లెక్కపెట్టలేకపోయాను.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"ఎలా? అందరికీ ఇలాగే కదా?" అంది. "మొదటివారం మీదీ నాదీ పక్కపక్కన పెట్టి చూశాను. ఇద్దరికీ ఒకేలా ఉంది. సరిపోయిందిలే, ఇక మిమ్మల్ని విసిగించడమెందుకని నాది చూసి పంపించా. తర్వాత మందు పెంచామనేసరికి నాకు భయమేసింది. మీది నాకంటే ఎక్కువే ఉంటుంది గానీ తక్కువుండదు కదా. జబ్బు మీది."

"క్లాసులో నీకన్ని మార్కులొచ్చాయి. ఆయాసం, గుండెదడ, నీరసం అని సిస్టర్ చెబుతుంటే నీకొక్కసారి కూడా అనిపించలేదూ?"

"అనిపించింది," అంది. "మీకు అవన్నీ ఉన్నాయేమో, నాకు చెప్పడం లేదేమో అనిపించింది."

ఏడుపొచ్చింది నాకు. దాచుకోలేదు కూడా. ఆవిడ కంగారుపడి, "మందు ఎక్కువైందేమో కూర్చోండి, కూర్చోండి," అని నన్ను మెట్టుమీద కూర్చోబెట్టింది.

ఆసుపత్రికి వెంటనే బయలుదేరలేదు. అరవై చొక్కాలకి కాజాలు మిగిలాయని ఆవిడ మొరాయించింది. హెడ్మిస్ట్రెస్ ఊరుకోదంది. నేను కిందకి దిగి, ఎక్కడి పని అక్కడే వదిలేసి, షట్టరు లాగేశాను. యూనిఫారాల సీజన్లో పట్టపగలు మా షట్టరు పడటం అదే మొదలు. పక్క కొట్లవాళ్ళు బయటికొచ్చి, ఎవరు పోయారని అడిగారు.

"ఎవరూ పోలేదు. పోకుండా చూసుకోవడానికి వెళుతున్నాం," అన్నాను.

డాక్టరు ఆవిడకీ తీగలు తగిలించి కాగితం తీశాడు. నాకున్నదే ఆవిడకీ ఉంది. నాది వచ్చిపోయేది, ఆవిడది వచ్చి తిష్ఠవేసింది, బహుశా రెండేళ్ళయి ఉంటుందన్నాడు. ఒక్క మాత్ర లేకుండా అన్నాళ్ళు మెట్లెక్కింది. "ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే..." అని ఆయన ఆపేశాడు. ఆవిడ తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, సూది పట్టే రెండు వేళ్ళూ రుద్దుకుంటోంది. మాత్రలు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. రెట్టింపు చేసిన మాత్ర నాకు తగ్గించి ఆవిడకి రాశాడు. మొదటినుంచీ అది ఆవిడ కొలతకి రాసిందే మరి.

ఆ ఏడు యూనిఫారాలు వారం ఆలస్యం. మిగిలిన అరవై చొక్కాలకీ కాజాలు నేనే కుట్టాను. అవెలా వచ్చాయో అడక్కండి. కొన్నింట్లో గుండీ దూరదు, కొన్నింట్లో వేలు దూరుతుంది. హెడ్మిస్ట్రెస్ కొట్టు ముందు నిలబడి నా వంశాన్నంతా కడిగేసింది. మా ఆవిడ కుర్చీలో కూర్చుని, కాలుమీద కాలేసుకుని, "ఆ మూడో కాజా విప్పండి, పోగు పోయింది," అంటూ ఉండేది.

ఎనిమిదో బుధవారం నేను కెమెరా తెరిచి కూర్చున్నాను. తలతో సహా. పరీక్షలన్నీ కలిపి ఇరవైకి పంతొమ్మిది మార్కులొచ్చిన టైలర్ మాస్టారికి సర్టిఫికెట్టు ఇస్తున్నామని సిస్టర్ అంది. ఆమె కళ్ళల్లో నవ్వు నాకొక్కడికే తెలుసు. అందరి ముందూ జరిగిందంతా చెప్పేశాను. కండక్టరు బస్సాపించి మరీ చప్పట్లు కొట్టాడు. బస్సులోవాళ్ళు ఎందుకో తెలియకపోయినా కొట్టారు.

"అయితే ఆ సర్టిఫికెట్టు మా ఆవిడ పేరుకి మార్చండి," అన్నాను.

"కుదరదు మాస్టారూ. ఆవిడ పేషెంటుగా మళ్ళీ మొదటి క్లాసునుంచి కూర్చోవాలి. రూలు."

కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను. సిస్టర్ అడగబోయే ప్రశ్న కూడా ఆవిడకి ముందే తెలుసు. ఆవిడకి ఇరవైకి ఇరవై వచ్చాయి, నాకు పదకొండు. నిద్ర మాత్రం ఒక్కసారే పోయాను.

పొద్దున్నే కొట్టు తెరిచేముందు అయిదు నిమిషాలు ఎదురెదురుగా కూర్చుంటాం. పెళ్ళయ్యాక మేమిద్దరం మాట్లాడుకోకుండా, పోట్లాట లేకుండా, అంతసేపు కూర్చున్నది ఈ జబ్బు వచ్చాకే. తర్వాత నా చెయ్యి ఆవిడ, ఆవిడ చెయ్యి నేను.

మొదటిరోజు ఆవిడ అంకె రాయడానికి కొలతల పుస్తకం తీశాను. ఆవిడ పేజీ కోసం వెతికాను. హెడ్మిస్ట్రెస్ ఉంది, ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, వాళ్ళ మెడ, భుజం, నడుం అన్నీ ఉన్నాయి. మొదటి పేజీనుంచి చివరిదాకా తిరగేశాను. ఇందరికి నిలబడిన మనిషికి ఆ పుస్తకంలో పేజీ లేదు.

ఒక కొత్త పేజీ తెరిచి, పైన ఆవిడ పేరు రాసి, కింద గీత గీశాను. నాడి ఎనభై రెండు, సమంగా లేదు అని రాశాను.

ఆవిడ నా భుజంమీదుగా తొంగిచూసింది. ఏమంటుందోనని ఎదురుచూశాను.

"ఎలాగూ పేజీ తీశారు కాబట్టి, ఆ టేపు కూడా తియ్యండి," అంది. "ఇన్నేళ్ళూ మీరు కంటి అంచనాతో కుట్టినవన్నీ నాకు చంకల దగ్గర బిగుతే."